మొదటి పట్టీ పాదానికి

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా బడిలో పిల్లలందరికీ తెలుసు. లెక్కలు చెప్పేవాడికి ఆ మాత్రం ఉండాలని నన్ను నేను సమర్థించుకునేవాణ్ణి. కానీ ఆ కోపం ఇంట్లో ఎన్నడూ చెల్లలేదు. నా భార్య గొంతు పెంచదు, ఎదురు చెప్పదు. నేను అరిచేదంతా అరిచి అలిసిపోయేదాకా చూసి, తను అనుకున్నదే చేస్తుంది. ఆమె కుడికాలి విషయంలో మేమిద్దరం ఒక ఏడాది పొడుగునా పోట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే పోట్లాడింది నేను. ఆమె చేసిందల్లా కాలు వెనక్కి తీసుకోవడమే.

మాది సురంగల్. నేను చేవెళ్ళ వైపు ఒక సర్కారు బడిలో టీచరుగా చేసేవాణ్ణి. ఆమెది కూరగాయల సేద్యం. ఇంటి వెనక ఉన్న కాస్త చెలకలో టమాట, కొత్తిమీర, పాలకూర పండించి మెహిదీపట్నం పంపేది. తెల్లవారకముందే కొత్తిమీర కట్టలు కట్టి, ఆటో ఎక్కించి, నేను లేచి పళ్ళు తోముకునేసరికి చాయ్ పెట్టి ఇచ్చేది. మా ఇద్దరిలో ఎవరి పని లోకానికి ఎక్కువ ఉపయోగపడిందని అడిగితే నేను జవాబు చెప్పను.

ఆ రోజుల్లో మా ఊళ్ళలో ముసలివాళ్ళ నోట కూడా సాఫ్ట్‌వేర్ అనే మాట పలికేది. నిన్నటిదాకా జొన్నచేను ఉన్నచోట ఇవాళ ప్రహరీగోడ లేచేది, గోడకు ఇనుప గేటు, గేటు లోపల పచ్చగడ్డి. వారానికొకరైనా కారు దిగి, మీ చెలక అమ్ముతారా అని అడిగి పోయేవాళ్ళు. మా అమ్మాయి కూడా గచ్చిబౌలిలో ఒక కంపెనీలో చేరింది. పొద్దున్నే మొయినాబాద్ చౌరస్తాలో కంపెనీ బండి ఎక్కేది. మేం ముగ్గురం మూడు దిక్కులకు పోయి సాయంత్రానికి ఒకచోట చేరేవాళ్ళం. అంతకన్నా నాకేం కావాలనిపించేది.

అంతలో నా భార్యకు గర్భసంచి కాన్సర్ అన్నారు. పట్నంలో ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు, మావాళ్ళు అనే మాటలో చెప్పాలంటే కరెంటు పెట్టారు. ఆమె బతికింది. బతికి వచ్చి, జుట్టు సరిగ్గా దువ్వుకునే ఓపిక కూడా రాకముందే కొత్తిమీర విత్తనాలు నానబెట్టింది. ఇక గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

మొదట మట్టెలు బిగుసుకున్నాయి. కుడికాలి మట్టె వేలిలోకి దిగి రాకపోతే, చేవెళ్ళలో నగలు చేసే అవుసుల ఆయన దగ్గర కత్తిరించి తీయించాం. ఆమె ఆ ముక్కలను పసుపు డబ్బాలో దాచుకుంది. ఆ తర్వాత చీలమండ, ఆ పైన పిక్క, చివరికి తొడ దాకా కాలు వాచింది. ఊళ్ళో కొందరు బోదకాలన్నారు. రక్తం పరీక్ష చేయిస్తే కాదని తేలింది. ఆపరేషన్ చేసిన డాక్టరే విషయం చెప్పాడు. ఒంట్లో రక్తంతోపాటు పారే ఇంకో నీరు ఉంటుందట. ఆపరేషన్‌లో గజ్జల దగ్గర గ్రంథులు తీసేశారు, మిగిలినవి కరెంటుకు గట్టిపడిపోయాయి. పైకి పోవలసిన నీటికి దారి మూసుకుపోయింది. దానికి లింఫెడిమా అని పేరు చెప్పాడు.

"ఎప్పటికి తగ్గుతది సార్?" అని అడిగాను.

"తగ్గదు. అదుపులో పెట్టుకోవాలి" అన్నాడు.

లెక్క ఉంటే దానికి జవాబు ఉండాలని నమ్మి బతికినవాణ్ణి. ఆ మాట నాకు ఎక్కలేదు. బిగుతు మేజోళ్ళు కొన్నాం. వాటిని ఎక్కించడానికి తల్లీకూతుళ్ళు చెమటలు కక్కేవాళ్ళు, మధ్యాహ్నానికి అవి మోకాలి వెనక ముడుచుకుని చర్మాన్ని కోసేవి. చుట్టుడు బ్యాండేజీలు వాడి చూశాం. పట్నంలో ఫిజియోథెరపీ మేడం చుడితే నిలిచేవి, ఇంట్లో మేం చుడితే బావి దాకా నడిచేలోపే జారి మడమ దగ్గర కుప్పపడేవి. చివరికి ఆ మేడమే పట్టీల తొడుగు ఒకటి తెప్పించింది.

చూడటానికి అదేమంత గొప్పగా లేదు. నల్లటి మందపాటి బట్ట, దానికి వరసగా పట్టీలు, పట్టీల కొసన లాగితే చర్రుమని ఊడివచ్చే వెల్‌క్రో. ముందు కాలికి మెత్తటి మేజోడు తొడగాలి. దాని మీద పాదానికి ఒక ముక్క, పిక్కకు ఒక ముక్క, తొడకు ఒక ముక్క. ఒక్కో పట్టీని లాగి, కింది పట్టీ మీద కొంత పడేట్టు అతికించుకుంటూ పైకి పోవాలి. వాపు తగ్గి వదులైతే విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు. కాలు ఏ పూట ఎట్లా ఉంటే దానికి తగ్గట్టు అది సర్దుకుంటుంది. మా ఇంట్లో దాన్ని బెల్టు అనేవాళ్ళం.

"నీకన్న ఇదే నయం. జర వదులు చేస్తే వదులైతది" అంది నా భార్య, మొదటిరోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి.

మేడం మాత్రం నవ్వలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "సార్, ఒకటి గుర్తుపెట్టుకోండి. మొదటి పట్టీ పాదానికే. కింద లూజుగా పెట్టి పైన టైట్ చేశారనుకోండి, నీరంతా పాదంలోకి దిగుతది. అంతకన్నా అసలు కట్టకపోవుడే మంచిది."

మా అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఏ బాధా లేదు. పొద్దున బండి రాకముందే తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందుల్లో తడి తుడిచి, పాదం నుంచి తొడ దాకా పట్టీలు బిగించి పోయేది. కాలు సగానికి దిగింది. నా భార్య మళ్ళీ చెలకలోకి వెళ్ళింది. గట్టు మీద నిలబడి కూలీలను కేకలేస్తుంటే ఆ గొంతు నాకు సంగీతంలా వినిపించింది. అప్పుడే కంపెనీవాళ్ళు మా అమ్మాయిని బెంగళూరు వేశారు. పిల్ల పోనన్నది, తల్లి పొమ్మన్నది. ఎవరి మాట నెగ్గిందో వేరే చెప్పనక్కర్లేదు.

పక్కింటి కోడలు కొన్నాళ్ళు వచ్చి కట్టింది. తర్వాత ఆమెకూ అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌజ్‌లో వంటపని దొరికింది. పొద్దున్నే ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆటోల్లో కిక్కిరిసి ఫాంహౌజ్‌లకు, కంపెనీలకు పనికి పోయేవాళ్ళు. పాదానికి పట్టీ కట్టడానికి ఊరంతా వెతికినా ఒక ఆడమనిషి దొరికేది కాదు. ఇంట్లో నేనున్నాను. స్కూటర్ తాళం పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, పాదం ముక్క చేతిలోకి తీసుకుని, కాలు ఇటు పెట్టమన్నాను.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"పిక్కలకు కట్టు, తొడకు కట్టు. పాదం నేను కట్టుకుంట" అంది.

"నీకు వంగరాదు గదా."

"వస్తది. నువ్వు నా పాదం ముట్టద్దు."

నేను నవ్వాను. భర్త చేత కాళ్ళు పట్టించుకోకూడదని ఆడవాళ్ళు అనుకోవడం కొత్త సంగతేమీ కాదు. మా అమ్మా అనుకునేది. కానీ నా భార్యది ఊరికే అనుకునే పట్టింపు కాదు. ఆమె చిన్నప్పుడు, మా ఊరికి దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరులో, తల్లి అరికాల్లో తుమ్మముల్లు విరిగితే తండ్రి ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని తీశాడట. ఆ వానాకాలమే మడి గట్టు చూడబోయి పాము కాటుకు చనిపోయాడు. మా అత్త ఆ రెండింటినీ ముడివేసుకుని బతికింది. మొగని చేత కాలు ముట్టించుకుని మొగణ్ణి పోగొట్టుకున్నానని కూతురికి అన్నం తినిపిస్తూ చెప్పింది, పెళ్ళిచేసి పంపిస్తూ చెప్పింది. ఆ మాట నా భార్య ఒంట్లో నాకన్నా ముందునుంచి ఉంది.

"నేను నడవకున్నా ఫికర్ లేదు. నువ్వుండాలె" అంది ఆమె, పాదం ముక్క నా చేతిలోంచి తీసుకుంటూ.

తనే కట్టుకుంది. తొడ వాచి మోకాలు సరిగ్గా మడత పడదు. ఆపరేషన్ చేసిన పొట్ట వంగనీయదు. చెయ్యి పాదం దాకా అందేది గాని పట్టీ లాగే బలం అందేది కాదు. పాదం ముక్క వదులు చెప్పులా వేలాడేది. నేను పైన పిక్కకూ తొడకూ బిగించేవాణ్ణి. పైన కూడా వదులుగానే ఉంచితే కాలంతా వాచేది. బిగిస్తే నీరు పాదంలోకి దిగేది. కొన్నాళ్ళకు ఆ పాదం పెనం మీద పొంగిన జొన్నరొట్టెలా అయింది. వేళ్ళ మధ్య సందు లేదు. వేలితో నొక్కితే పడిన గుంట అట్లాగే ఉండిపోయేది.

మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. వచ్చేసరికి ఆమె మండే ఎండలో రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. కాలు మోకాలి దాకా ఎర్రబడి, చెయ్యి పెడితే కాలుతోంది. చేవెళ్ళ దవాఖానకు తీసుకుపోయాను. వేళ్ళ మధ్య ఒరుసుకుపోయి పగిలిందని, ఆ పగులులోంచి విషం ఎక్కిందని చెప్పి సెలైన్‌లో మందులు పెట్టారు. నీరు నిలిచిన కాలు ఇట్లాంటివాటిని తట్టుకోలేదట. వాపు తగ్గించకపోతే మళ్ళీ వస్తుందన్నారు. జ్వరం ఉన్నన్నాళ్ళు బెల్టు కట్టొద్దన్నారు. ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి నెలల తరబడి దించిన వాపంతా తిరిగి వచ్చేసింది.

అప్పటినుంచి నాకు ఆ పాదం తప్ప వేరే ధ్యాస లేదు. గ్లౌజులు కొనుక్కొచ్చాను. వాటిని తొడుక్కుని, చేతులు రెండూ ఆమె ముందు పెట్టి చూపించాను.

"ఇగ చూడు. రబ్బరు ముడతది గని నేను ముట్ట" అన్నాను.

"రబ్బరు లోపలున్నది ఎవరి చెయ్యి?" అంది.

పెళ్ళిలో సన్నెకల్లు మీద నీ పాదం పెట్టి మట్టెలు తొడిగింది నేనే కదా, అప్పుడు ఏమైందని నిలదీశాను. అప్పుడు అయ్యగారు మంత్రం చదివిండు, అది వేరే అంది. నేను మంత్రం చదువుతానన్నాను. నీకు లెక్కలే సరిగ రావు, మంత్రమెట్ల వస్తది అంది. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్లో బతిమాలింది, ఏడ్చింది. ఆమె సరే బిడ్డా సరే అని ఫోన్ పెట్టేసి, మళ్ళీ తనే ఆపసోపాలు పడుతూ కట్టుకుంది. ఒక మధ్యాహ్నం నిద్రపోతోంది కదా అని మెల్లగా పాదం దగ్గర కూర్చుని మేజోడు సర్దబోయాను. ఉలిక్కిపడి లేచి, కాలు లాక్కోవడంలో మంచం కోడుకు కొట్టుకుంది. ఆ దెబ్బ మానడానికి ఎన్ని రోజులు పట్టిందో, ఆ రోజులన్నీ నేను ఆమె మొహం చూడలేకపోయాను.

ఒకరోజు సహనం చచ్చిపోయింది. పాదం ముక్కను ఎత్తి వాకిట్లోకి విసిరేశాను.

"నువ్వు సచ్చి నన్ను బతికిస్తవా? ఎవరికి కావాలె ఆ బతుకు" అని అరిచాను. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

ఆమె గోడ పట్టుకుని లేచి, ఆ కాలు ఈడ్చుకుంటూ వాకిట్లోకి వెళ్ళి, వంగలేక గడప మీద కూర్చుని, చేతికర్రతో దాన్ని దగ్గరికి లాక్కుంది. వెల్‌క్రోకు అంటిన గడ్డిపోచలు ఒక్కొక్కటే ఏరి, దులిపి, తెచ్చి దండెం మీద వేసింది. నేను స్కూటర్ తీసుకుని బయటపడ్డాను. చెరువు కట్ట దాటి ఎక్కడో ఆపుకుని ఏడ్చాను. ఆమె మీద కోపం కాదది. నాకు భయమేసింది. నా కళ్ళముందే ఆమె పోతుందని, నేను చేతులు కట్టుకుని చూస్తూ ఉంటానని భయం. రోడ్డు మీద కంకర లారీలు, కంపెనీ బస్సులు నన్ను దాటుకుని పోతూనే ఉన్నాయి. లోకమంతా ఎక్కడికో పరుగెడుతుంటే నాకు ఒక పాదం కావలసి వచ్చింది. అది నాకు దొరకడం లేదు.

రెండోసారి జ్వరం వచ్చినప్పుడు పట్నం తీసుకుపోవలసి వచ్చింది. మాట తడబడింది. నన్ను గుర్తుపట్టకుండా వాళ్ళ అవ్వ, అంటే మా అత్త, అనుకుని మాట్లాడింది. బీపీ పడిపోయిందని లోపలి వార్డులో పెట్టి, నన్ను బయట నిలబెట్టారు. తేరుకున్నాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"ఈసారి బయటపడ్డది. ఇంకోసారి ఇట్లా రక్తంలోకి ఎక్కితే నేను గ్యారంటీ ఇవ్వను. ఆ పాదం వాపు దించండి. మీ చేతుల్లోనే ఉంది" అన్నాడు.

నా చేతుల్లో ఉందట. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికి తెచ్చాక ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను కింద కూర్చున్నాను. ఈసారి అరవలేదు. బతిమాలనూ లేదు. నీకు ఈ మాట నేర్పింది మీ అవ్వ, ఆమె వద్దంటే వింటావా అని అడిగాను.

"అవ్వ అనది" అంది చివరికి.

అనదని నాకూ తెలుసు. అయినా మరునాడు బడికి సెలవు చెప్పి ప్రొద్దుటూరు పోయాను. ఇంకెక్కడికి పోవాలి నేను.

మా అత్త గురించి ఒక సంగతి చెప్పాలి. మా పెళ్ళయి అన్నేళ్ళయినా ఆమె నా మొహం చూసి మాట్లాడలేదు. అల్లుడి ముందు మంచం మీద కూర్చోలేదు, అన్నం తినలేదు. కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటున నిలబడేది. "అల్లుణ్ణి కాళ్ళు కడుక్కోమను", "అల్లుణ్ణి ఇంకింత పప్పేసుకొమ్మను" అని తలుపుకో, కోడలికో, ఎవరూ లేకపోతే గోడకో చెప్పేది. మా వైపు పాతకాలపు అత్తలు అంతే. ఆ రోజు కూడా తలుపు చాటునే నిలబడింది. నేను అరుగు మీద కూర్చుని జరిగిందంతా తలుపుకే చెప్పాను. ముల్లు సంగతి ఎత్తకుండా చెప్పడం కుదరలేదు. ఎత్తాను. డాక్టరన్న మాట కూడా చెప్పాను. చెప్పడం అయ్యాక లేచి పోదామనుకుంటుండగా తలుపు చాటునుంచి మాట వినిపించింది.

"ఆటో మాట్లాడమను."

ఆమె ఆటోలో, నేను వెనక స్కూటర్ మీద సురంగల్ చేరుకున్నాం. వచ్చీ రావడంతోనే కూతురి కాలు మీది దుప్పటి తీసింది. కాలును పైనుంచి కింద దాకా చూసింది. పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ఆ గుంట పూడుతుందేమోనని కనిపెట్టుకుని కూర్చుంది. పూడలేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె నన్ను చూడలేదు, నన్ను బయటికి పొమ్మని కూడా అనలేదు.

"బిడ్డా, నీకొక మాట చెప్పాలె. మీ బాపు నా కాలు ఎన్నడు ముట్టలే" అంది.

నా భార్య కళ్ళు తెరిచి చూసింది.

"ముల్లు నేనే తీసుకున్న, సూదితోని. ఆనాడు వాన కుండపోతగ పడుతుంటే, గట్టు తెగుతది, పోయి చూసి రా అని నేనే తోలిన. రేపు పోత అన్నడు. ఇప్పుడే పో అన్న. పోయిండు, పాము కరిసింది. నేనే తోలిన అని ఎవలకు చెప్పుకుందు? నోరు రాలే. కాలు మీదికి తోసిన. ఇన్నేండ్లు కాలు మీదికే తోసిన."

నాకు, సిగ్గులేకుండా చెబుతున్నాను, సంతోషమేసింది. ఇన్నాళ్ళూ నేను తల బాదుకున్న గోడ ఒక్క మాటతో కూలిపోయింది. మా అత్త లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి నాకు తగలడం అదే మొదటిసారి. ఎండిపోయిన చెయ్యి, గట్టి పట్టు. నన్ను మంచం దాకా తీసుకువచ్చి, నా అరచేతిని కూతురి పాదం మీద పెట్టింది.

"కట్టుమను" అంది. ఆ మాట ఎవరికి చెప్పిందో తెలియదు.

నా భార్య కాలు వెనక్కి తీసుకోలేదు. కళ్ళు మూసుకుంది, కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. మేజోడు తొడిగాను. పాదం ముక్క అరికాలి కింద పెట్టి, మొదటి పట్టీ లాగి అతికించాను. మేడం చెప్పినట్టు, పట్టీ కింద వేలు దూరీ దూరనట్టు చూసుకుంటూ చీలమండ దాటాను. తొడ దాకా వచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది. మా అత్త అన్నీ చూస్తూ గోడకు ఆనుకుని నిలబడే ఉంది. అన్నం తినమంటే తినలేదు.

సాయంత్రం ఆటో ఎక్కాక మళ్ళీ కొంగు తల మీదికి లాక్కుంది. ఆటో అతన్ని పిలిచి చెప్పింది.

"మా అల్లుణ్ణి చీకట్ల చెలక దిక్కు పోవద్దను. పోయినా బూట్లేసుకొని, బ్యాటరీ లైటు పట్టుకొని పొమ్మను. వానల అసలే పోవద్దను."

ఆటో అతను నావైపు తిరిగి నవ్వాడు. ముసలివాళ్ళ జాగ్రత్తలు ఎట్లాగూ తెగవని నేనూ నవ్వి, సరేనని చెప్పు అన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె తల బయటికి పెట్టి చూస్తూనే ఉంది.

మరునాడు పొద్దున బడికి పోయేముందు మళ్ళీ కింద కూర్చున్నాను. రాత్రి విప్పి పెట్టిన మేజోడు తొడిగాను. పాదం అప్పుడే కాస్త మెత్తబడినట్టుంది. వేళ్ళ ఆనవాళ్ళు తెలుస్తున్నాయి. అది చెప్పి ఆమెను నవ్విద్దామని తలెత్తాను. ఆమె నన్ను చూడటం లేదు, పాదం మీదున్న నా చేతిని చూస్తోంది.

"అవ్వ నిన్న అబద్ధమాడింది" అంది.

పాదం ముక్కకు లాగుతున్న మొదటి పట్టీ వదులుగానే అతుక్కుపోయింది.

"ముల్లు తీసింది బాపే. ముల్లు మీద పొయ్యనీకి జిల్లేడు పాలు తెచ్చింది నేను. ఆనాడు వానల పోవద్దని బాపు చెయ్యి పట్టుకొని గుంజింది గూడ అవ్వనే. గడప దాటి వాకిట్ల దాకా ఎంట వోయింది, తడుసుకుంట. నేను చూసిన."

చీకట్ల పోవద్దను, బూట్లేసుకొమ్మను అన్న మాటలు అప్పుడు చెవికెక్కాయి. ఆ ముసలామె తను నమ్మింది నమ్ముతూనే, నా ప్రాణం మీద బెంగ పెట్టుకుని మరీ, నా చెయ్యి తీసుకువచ్చి ఆ పాదం మీద పెట్టింది.

"మరి నిన్ననే ఎందుకనలే నువ్వు?" అని అడిగాను.

"ఏమందు? నా కాలు కోసం, 'నా మొగణ్ణి నేనే సంపుకున్న' అని అవ్వ నా ముంగట ఒప్పుకున్నది. అంత మాట అన్నంక ఇంగ కాలెట్ల గుంజుకుందు?"

వాకిట్లో పనికిపోయే ఆడవాళ్ళ ఆటో ఆగి, ఎవరినో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆమె ఆగింది. తర్వాత పాదాన్ని తనే కాస్త ముందుకు జరిపింది. నా మోకాలికి ఆనించింది.

"నీకు భయమైతలేదా?" అని అడిగింది.

"నాకేం భయం" అన్నాను.

మా ఇంట్లో అది రెండో అబద్ధం. ఆమెకు అదీ తెలుసు. వదులైన పట్టీని చర్రుమని విప్పి, మళ్ళీ పాదం నుంచి మొదలుపెట్టాను.